పాత కంప్యూటరు, మూడు ఉత్తరాలు



గత రెండు మాసములుగా ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే సంగతిని గురించి ఉన్నవి. ఒకటి జనగామ నుండి, ఒకటి మానుకోట నుండి, మూడవది భూపాలపల్లి నుండి. ముగ్గురి ఇళ్ళు వేరు, పనులు వేరు. అడిగినది మాత్రం ఒక్కటే: "విండోస్ 10కి కాలం తీరిపోయిందని కంప్యూటరు తెరమీద వస్తున్నది. దుకాణములో అడిగితే కొత్తది కొనమంటున్నారు. ఏం చేయాలి?"

జనగామ తమ్ముడు డిగ్రీ ముగించి గ్రూపు పరీక్షలకు చదువుకుంటున్నాడు. తండ్రి పత్తి అమ్మిన డబ్బులో కొంత తీసి హైదరాబాదులో పాత లాప్‌టాప్ ఒకటి కొనిపెట్టాడట. "ఇప్పుడు ఇంకొకటి కావాలని నాన్నను అడగడానికి నోరు రావడం లేదు" అని రాశాడు. మానుకోట సహోదరుడు పెళ్ళి పత్రికలు, కరపత్రాలు చేసే చిన్న డీటీపీ దుకాణం నడుపుతున్నాడు. భూపాలపల్లి సహోదరిది సింగరేణి కుటుంబము. ఇద్దరు పిల్లలూ బడికి పోతారు. ఇంటి ఫోటోలన్నీ ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉన్నవట.

ముందుగా, ఈ ఆపరేటింగ్ సిస్టమ్ అనేది ఏమిటని అడిగే పెద్దల కొరకు రెండు మాటలు. కాజీపేట జంక్షను మీరందరూ చూసినదే. ఏ బండి ఏ ప్లాట్‌ఫారము మీదికి రావాలి, ఏది ఆగాలి, ఏది ముందు పోవాలి అని లోపల కూర్చుని చూసుకునేవారు ఉంటారు. ప్రయాణికులకు వారు కనబడరు, కాని వారు లేకపోతే ఒక్క బండి కదలదు. కంప్యూటరులో మీరు టైపు చేసే ప్రోగ్రాము, పాట వినే ప్రోగ్రాము, ప్రింటరు, కీబోర్డు, అన్నిటికీ వరుస చెప్పి నడిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ అటువంటిది ఒకటి. లినక్స్ మరియొకటి. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనులో లోపల నడిచేది కూడా లినక్సే. కనుక "మాకు లినక్స్ తెలియదు" అనే మాట సగమే నిజము.

ఇక విండోస్ 10 సంగతి. దానికి మైక్రోసాఫ్ట్ కంపెనీ ఉచిత మరమ్మతులు చేయడం 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ రోజున కంప్యూటర్లేమీ ఆగిపోలేదు. తెల్లవారి కూడా వెలిగినవి, ఇప్పుడూ వెలుగుతున్నవి. మారినది ఏమంటే, చెరువు కట్టకు ఎక్కడ బుంగ పడినా వచ్చి పూడ్చే మనుషులు ఇక రారు. కట్ట ఉంటుంది, నీళ్ళూ ఉంటాయి, కాని కొత్త బుంగ పడితే ఎవరూ దిక్కు లేరు. ఆ బుంగలోనుండి దూరి బ్యాంకు పాస్‌వర్డులు ఎత్తుకుపోయేవారు లోకమంతా ఉన్నారు. ఇళ్ళలో వాడేవారికి ఒక సంవత్సరము పొడిగింపును, అనగా 2026 అక్టోబరు 13 వరకు, కంపెనీ ప్రకటించింది. సెట్టింగ్స్‌లోని అప్‌డేట్ పేజీలో దాని కొరకు నమోదు చేసుకోవాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించి సెట్టింగులను దానిలో దాచుకునేవారికి రుసుము లేకుండానే ఇచ్చారు. అది ఊపిరి పీల్చుకునేందుకు ఇచ్చిన గడువు మాత్రమే.

దుకాణము వారు చెప్పినదే వేదవాక్కు అనుకోకండి. ముగ్గురికీ కొత్తదే కొనమన్నారు. నా లెక్కలో ముగ్గురిలో ఒక్కరికీ ఇప్పటికిప్పుడు ఆ అవసరం లేదు.

భూపాలపల్లి సహోదరి మంచిపని చేసింది. లాప్‌టాప్ మీది చీటీలో ఉన్నది ఉన్నట్టు రాసి పంపింది: ఐ5-8250యూ. ఈ అంకెలోనే సంగతి ఉన్నది. అడ్డగీత తరువాతి మొదటి అంకె 8. అంటే ఇంటెల్ వారి ఎనిమిదవ తరము. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదవ తరము నుండి మాత్రమే అనుమతి. దానితోపాటు నాలుగు జీబీ మెమరీ, 64 జీబీ స్థలము, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. "టీపీఎం లేదని వస్తున్నది, కాబట్టి పనికిరాదన్నారు" అని ఆమె రాసింది. చాలాసార్లు అది లేకపోవడం కాదు, మూసి ఉండడం. లాప్‌టాప్ వెలిగేటప్పుడు వచ్చే బయాస్ అనే నీలి లేక నల్లని తెరలో సెక్యూరిటీ అనే చోట చూస్తే ఇంటెల్ యంత్రాలలో పీటీటీ అని, ఏఎండీ యంత్రాలలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. దానిని తెరిచి భద్రపరచితే చాలు. తరువాత విండోస్ గుర్తున్న మీటను, ఆర్ అక్షరాన్ని కలిపి నొక్కి, వచ్చిన చిన్న గడిలో టీ, పీ, ఎం, చుక్క, ఎం, ఎస్, సీ అని కొట్టండి. 2.0 అని కనబడితే విండోస్ 10 నుండి 11కు రుసుము లేకుండానే మారవచ్చు. ఫైళ్ళు కూడా అలాగే ఉంటాయి.

ఉంటాయి అన్నానే గాని, అమ్మా, దయచేసి ఫోటోలన్నీ ముందుగా వేరొక హార్డ్ డిస్కులోకి ఎక్కించే వరకు ఏ బటనూ నొక్కకండి. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, దాని వెనుక నా తప్పు ఒకటి ఉన్నది. ఇంతవరకు ఈ పేజీలో రాయలేదు.

2022లో డోర్నకల్ దగ్గర ఒక పల్లెకు వెళ్ళాను. అక్కడ మాకు బాగా తెలిసిన ఒక అక్కయ్య ఉన్నది. ఆమె భర్త అంతకు ముందు సంవత్సరమే కన్నుమూశాడు. మంచి గాయకుడు. సంఘములో ఆయన పాట అందుకుంటే వెనుక వరుసలోని చంటిపిల్లలు కూడా మౌనంగా ఉండేవారు. ఇంట్లో పాత కంప్యూటరు ఒకటి నత్తనడక నడుస్తుంటే, "తమ్ముడూ, నీకు తెలుసుగదా, కాస్త చూడు" అన్నది. అడగడమే ఆలస్యము, నేను జేబులోని పెన్‌డ్రైవ్ తీశాను. ఆ రోజులలో ఎక్కడికి పోయినా లినక్స్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పోయేవాణ్ణి. బడిపంతులుగా పదవీ విరమణ చేసినవాడికి తన విద్య చూపించుకునే అవకాశం దొరికితే వదులుతాడా?

"ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?" అని ఇంటర్ చదివే వాళ్ళ అబ్బాయిని అడిగాను. "అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను మామయ్యా" అన్నాడు. వాడు చెప్పినది నిజమే, వాడివన్నీ వేసుకున్నాడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక చోట అది అడుగుతుంది: విండోస్ పక్కనే పెట్టమంటావా, లేక డిస్కు మొత్తం తుడిచి పెట్టమంటావా అని. రెండవదాని పేరు ఎరేజ్ డిస్క్. మనిషి తొందరలో ఉన్నప్పుడు అదే సులువుగా కనబడుతుంది. నొక్కాను. అరగంటలో కంప్యూటరు కొత్త పెళ్ళికూతురిలా తయారైంది. చకచక తెరుచుకుంటుంటే అబ్బాయి సంతోషపడ్డాడు, నేను అంతకన్నా ఎక్కువ సంతోషపడ్డాను.

సాయంకాలము టీ తెచ్చి ఇస్తూ అక్కయ్య అడిగింది: "మీ బావ పాటలు ఎక్కడ పెట్టినవు తమ్ముడూ?"

డి డ్రైవ్ అని ఒకటి ఉండేది. అబ్బాయి ఎన్నడూ తెరవలేదు. నేనూ తెరిచి చూడలేదు. డి డ్రైవ్ అంటే వేరే డిస్కు అని చాలామంది అనుకుంటారు. ఎక్కువ ఇళ్ళలో అది అదే డిస్కులోని ఇంకొక గది. ఇల్లంతా కూల్చినప్పుడు ఆ గది మాత్రం నిలుస్తుందా? ఆయన ఫోనులో పాడి దాచుకున్న తొమ్మిది పాటలు అందులో ఉన్నవి. ఫోను ఆయనతోపాటు ఆసుపత్రికి వెళ్ళి ఎక్కడో పోయింది.

నాకు నోట మాట రాలేదు. ఒక్క పని మాత్రం సరిగా చేశాను, వెంటనే కంప్యూటరు ఆపివేశాను. తుడిచిన డిస్కు మీద కొత్తగా ఏదీ రాయకుండా ఉంటేనే పాతవి దొరికే అవకాశము ఉంటుంది. డిస్కు ఊడదీసి ఇంటికి తెచ్చి, వేరే కంప్యూటరుకు తగిలించి, ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాముతో వెతికించాను. అది రాత్రంతా నడిచింది. పేరులో ఫోటో అని ఉన్నా అది పాటలను, కాగితాలను కూడా వెతుకుతుంది. కాని ఫైళ్ళ పేర్లు తిరిగి రావు; అంకెలు మాత్రమే వేసి కుప్పగా ఇస్తుంది. వేలకొద్దీ వచ్చినవి. మూడు రోజులు కూర్చుని ఒక్కొక్కటే విన్నాను. అందులో వాట్సాప్ చప్పుళ్ళు, సినిమా పాటలు, అబ్బాయి ఆన్‌లైను పాఠాలు ఉన్నవి. వాటి నడుమ బావగారి గొంతు నాలుగు చోట్ల పూర్తిగా దొరికింది. ఐదవ పాట రెండవ చరణములో తెగిపోయింది. మిగిలిన నాలుగు రానే లేదు. వాటి మీద నేను పెట్టిన కొత్త లినక్స్ కూర్చున్నది.

పెన్‌డ్రైవ్‌లో వేసి తీసుకుపోయి ఇచ్చాను. అక్కయ్య నన్నేమీ అనలేదు. అంటే బాగుండేదేమో.

అది పాత రకపు హార్డ్ డిస్కు కనుక ఆ మాత్రమైనా దొరికింది. ఇప్పటి ఎస్‌ఎస్‌డీలలో తుడిచినవాటిని అవి తమంతట తామే లోలోపల ఖాళీ చేసుకుంటాయి. వాటిలో ఇటువంటి వెతుకులాట చాలాసార్లు వట్టిదే అవుతుంది. అందుకని ఇప్పుడు నేను ఎవరి ఇంటికి వెళ్ళినా పిల్లలను అడగను. ఇంటి పెద్దామెను కుర్చీలో కూర్చోబెట్టి, ప్రతి డ్రైవ్ తెరిచి చూపించి, "ఇది ఉండాలా, పోవాలా?" అని అడుగుతాను. గంట పడుతుంది. పడనివ్వండి.

జనగామ తమ్ముడి లాప్‌టాప్ చీటీ మీద ఐ3-5005యూ అని ఉన్నది. అయిదవ తరము, మెమరీ నాలుగు జీబీ. దీనికి విండోస్ 11 అధికారికంగా రాదు. తనిఖీని తప్పించి ఎక్కించే ఉపాయాలు ఉన్నవి గాని, అలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు ఇస్తామని కంపెనీ హామీ ఇవ్వదు. పైగా ఆ మెమరీతో అది మూలుగుతూనే ఉంటుంది. "అయిదు వందలకు విండోస్ వేసి యాక్టివేట్ చేసి ఇస్తామన్నారు" అని కూడా రాశాడు. నాయనా, అది దొంగ కాపీ. తాళం పగలగొట్టి లోపలికి పంపినవాడు తన మనిషిని కూడా లోపల ఉంచిపోవచ్చు. మన వారిలో దొంగ సొమ్ము ముట్టనివారు సైతం దీనిని దొంగతనము అనుకోకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

నీకు లినక్స్ సరిపోతుంది. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకిలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దీని మూలభాగమును రాసి, అందరికీ చూపించి, దిద్దమని అడిగాడు. మరుసటి సంవత్సరము దానిని ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు అనే లైసెన్సు కిందికి తెచ్చాడు. దాని మీద అనేకులు అనేక రూపాలు కట్టారు. డెబియన్ 1993లో, ఉబుంటు 2004లో, మింట్ 2006లో వచ్చినవి. మన తెలుగువారి సంగతి చెప్పకపోతే తప్పు: 2005లో స్వేచ్ఛ అనే పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ వెలువడింది. మెనూలు కూడా తెలుగులో ఉండేటట్లు హైదరాబాదులోని స్వచ్ఛంద కార్యకర్తలు, విద్యార్థులు శ్రమించారు. కేంద్ర ప్రభుత్వపు సీడాక్ సంస్థ 2007లో బాస్ అనే రూపమును భారతీయ భాషలతో తెచ్చింది. పక్కనున్న కేరళలో ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ళ తరబడి లినక్స్ మీదనే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. కనుక ఇది మన పల్లెవారికి మించిన విద్య కాదు.

ఇన్నింటిలో నీకు నేను చెప్పేది మింట్. విండోస్ అలవాటైన చేతికి అది తొందరగా పట్టుబడుతుంది. అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే రూపము తేలిక. రెండు జీబీ మెమరీలోనూ నడుస్తుంది, నాలుగు ఉంటే సుఖము. 2024 జూలైలో వచ్చిన 22వ వరుసకు 2029 వరకు మరమ్మతులు ఇస్తామని వారు చెప్పారు. దిగుమతి చేసుకోవలసినది సుమారు మూడు జీబీ. ఫోను డేటాతో కష్టము, హనుమకొండలోనో హైదరాబాదులోనో వైఫై ఉన్న మిత్రుణ్ణి అడుగు. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ చాలు. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో దానిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో ముందున్నవి పోతాయి సుమా.

తరువాత లాప్‌టాప్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, వెలిగించగానే డెల్, లెనోవో వాటిలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కుతూ ఉండు. పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే మింట్ తెర వస్తుంది. ఇక్కడ తొందరపడవద్దు. ఇది ఇంకా ఇన్‌స్టాల్ కాలేదు, పెన్‌డ్రైవ్ మీదనే నడుస్తున్నది, నీ విండోస్ అలాగే ఉన్నది. ఒక రోజంతా ఇలాగే వాడి చూడు. వైఫై అందుతున్నదా? పాట వినబడుతున్నదా? ప్రింటరు పలుకుతున్నదా? కొన్ని ప్రింటర్లు లినక్స్‌తో మొరాయిస్తాయి. వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకపు పరికరాలు కూడా అంతే. మీసేవ వంటి పని చేసుకునే ఇంట విండోస్ తీసివేయవద్దని నేను చెప్పేది అందుకే. నీకు కావలసినవి బ్రౌజరు, పీడీఎఫ్ చదవడము, టైపింగు. వాటికి ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ అందులోనే ఉంటాయి. దరఖాస్తులు, హాల్ టికెట్లు బ్రౌజరులోనే గదా.

అన్నీ నచ్చితే, నీవన్నీ వేరొక చోట భద్రపరచుకుని, చార్జరు తగిలించి, కరెంటు పోయినా నిలిచేటంత బ్యాటరీ ఉన్నదని చూసుకుని అప్పుడు ఇన్‌స్టాల్ నొక్కు. పంట మోటార్ల వేళ, గాలివాన పూట ఈ పని పెట్టుకోకు. మధ్యలో ఆగితే రెండు సిస్టములూ లేచి నిలబడవు. డిస్కులో స్థలముంటే విండోస్ పక్కనే పెట్టమను. వెలిగించినప్పుడల్లా ఏది కావాలో అడుగుతుంది. విండోస్‌లో బిట్‌లాకర్ అనే తాళము వేసి ఉంటే దాని రికవరీ అంకెలను ముందుగా కాగితము మీద రాసుకో. పాత హార్డ్ డిస్కు తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేయించగలిగితే ఆ లాప్‌టాప్ మళ్ళీ పరుగెత్తుతుంది. మెమరీ పెంచడము కన్నా ముందు చేయవలసిన ఖర్చు అదే.

తెలుగు టైపింగుకు దిగులు పడనక్కరలేదు. ఇన్‌స్క్రిప్ట్ ఉన్నది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేది ఉన్నది. పోతన అనే పేరుతో కూడా ఒక కీబోర్డు వరుస ఉన్నది. పోతన ఊరుగా పేరున్న బమ్మెర మీ జనగామ జిల్లాలోదే, అది ఎంచుకుంటే నాకు సంతోషము.

మానుకోట సహోదరునికి చెప్పవలసినది తక్కువ. అన్నా, మీరు లినక్స్ జోలికి పోవద్దు. మీ జీవనము పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద ఉన్నది. పేజ్‌మేకర్ చివరి రూపము 2001లో వచ్చినది, అవన్నీ విండోస్ కొరకు చేసినవి. ఆ కంప్యూటరును పొడిగింపు గడువు వరకు అలాగే నడపండి. ఆ తరువాత దానికి ఇంటర్నెట్ తీసివేసి కేవలము పత్రికలు చేసే యంత్రముగా ఉంచుకోండి. బ్యాంకు పని, వాట్సాప్, ఖాతాదారులు పంపే ఫోటోలు ఫోనులోనో వేరే యంత్రములోనో చూసుకుని, వైరస్ తనిఖీ చేసిన పెన్‌డ్రైవ్‌తో ఇందులోకి తెచ్చుకోండి. మీకు ఒక అదనపు మనవి. అను ఫాంట్లలో కొట్టినది వేరే కంప్యూటరులో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా కనబడుతుంది. మా సంఘములో పదేళ్ళ పాటల కాగితాలు అలాగే మూలబడి ఉన్నవి. కొత్తగా చేసేవాటినైనా యూనికోడ్‌లో చేయండి. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది, మనమే ఇంకా పూర్తిగా దానిలోకి పోలేదు.

అను నుండి యూనికోడ్‌కు పాత కాగితాలు మార్చుకోవడం ఎలాగో వచ్చే నెల రాస్తాను. ఉత్తరం రాసేవారు కంప్యూటరు కింది చీటీలోని అంకెను, మెమరీ ఎంతో తప్పక రాయండి. "మాది నల్ల రంగు లాప్‌టాప్" అని ఒకరు రాశారు. వారికి జవాబు చెప్పడం నా వల్ల కాలేదు.